ఐన్‌తో మొదలయ్యే దేశం

మస్కట్ వచ్చిన కొత్తలో, ఆఫీసులో ఒక ఒమానీ మిత్రుడు ఎంతో మర్యాదగా అడిగాడు, మీరు ఏ దేశంలో పనిచేస్తున్నారో ఒకసారి చెప్పండి అని. "ఒమాన్" అన్నాను. ఆయన నవ్వి, తల అడ్డంగా ఊపి, ఆ మాటే తను పలికాడు. రెండింటికీ తేడా నాకు వినిపించలేదు. పది సార్లు అనిపించాడు. పదిసార్లూ నేను అన్నది నాకు సరిగ్గానే వినబడింది, ఆయనకి తప్పుగానే వినబడింది.

తర్వాత తెలిసింది సంగతి. అరబీలో ఈ దేశం పేరు మనం అనుకునే 'ఒ'తో మొదలవదు. గొంతు లోపల, నాలుక వేరు కంటే కింద, కండరాలు బిగించి పుట్టించే ఒక హల్లుతో మొదలవుతుంది. ఆ అక్షరం పేరు ఐన్. అరబీలో ఐన్ అంటే కన్ను, నీటి ఊట అని కూడా అర్థం. నఖల్ దగ్గర వేడినీళ్ళ ఊటకి ఐన్ అల్ థవ్వారా అనీ, సలాలా దగ్గర ఇంకో ఊటకి ఐన్ రజాత్ అనీ పేర్లు అందుకే వచ్చాయి.

నేనూ ఊరుకోలేదు. నా వంతు వచ్చినప్పుడు ఆయన చేత 'కళ్ళు' అనిపించాను. 'కల్లు' అన్నాడు. రెండూ ఒకటే కదా అన్నాడు. "ఒకటి ముఖాన ఉండేది, ఇంకొకటి ముంతలో ఉండేది" అని చెప్పి ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ నవ్వు చాలా ఏళ్ళ తర్వాత ఒక శుక్రవారం ఆగిపోయింది. మస్కట్‌లోనే పుట్టి పెరిగిన మా అమ్మాయి, కంట్లో ఇసుక పడితే "నాన్నా, కల్లు మండుతున్నాయి" అంది. సరిదిద్దాను. మళ్ళీ అదే అంది. తను సరిగ్గానే అంటున్నానని దాని నమ్మకం. ఒకప్పుడు ఆఫీసులో నా ముఖం ఎలా ఉండేదో ఆ రోజు మా అమ్మాయి ముఖంలో చూశాను. చెవిలో లోపం లేదు, బుద్ధిలో లోపం లేదు. మరి ఈ అక్షరం ఎక్కడ జారిపోయింది?

ఈ ప్రశ్న పట్టుకుని వెళ్తే నేను చేరింది పన్నెండు వందల ఏళ్ళ కిందటి ఒక ఒమాన్ బిడ్డ దగ్గరికి. ఆయన పేరు అల్ ఖలీల్ ఇబ్న్ అహ్మద్ అల్ ఫరాహీదీ.

ఒమాన్ నుంచి బస్రాకి

ఖలీల్ అజ్ద్ తెగలోని ఫరాహీద్ శాఖవాడు. 718 ప్రాంతంలో ఒమాన్‌లో పుట్టాడని చెబుతారు. బతుకంతా నేటి ఇరాక్‌లోని బస్రాలో గడిచింది. అంటే ఆయనా మనలాంటి వలసజీవే. బస్రా కూడా పాత ఊరు కాదు. ఏడో శతాబ్దంలో సైనికుల కోసం కట్టిన పట్నం. అరబ్బులు, పారశీకులు, ఓడల మీద వచ్చే రకరకాల వాళ్ళు కలిసి బతికే చోటు. అందరూ అరబీ మాట్లాడతారు, చాలామంది తప్పుగా మాట్లాడతారు. భాష చెడిపోతోందన్న బెంగ అక్కడి పండితులది. అరబీ వ్యాకరణం బస్రాలో వికసించడానికి ఆ బెంగ ఒక కారణం. బెంగ లేని చోట వ్యాకరణం ఎవరు రాస్తారు?

అరబీ భాషకి మొదటి నిఘంటువుని తలపెట్టినవాడు ఖలీల్. దాన్ని ఆయన శిష్యుడు లైత్ పూర్తి చేశాడంటారు. నిఘంటువుకి ముందుగా కావలసింది అక్షరాల వరస. అరబీ వరస అలిఫ్, బా, తా అని పోతుంది. ఒకే ఆకారం ఉన్న అక్షరాలు పక్కపక్కన ఉంటాయి. అది కంటికి అనువైన వరస. ఖలీల్ దాన్ని పక్కన పెట్టి చెవికీ నోటికీ తగిన వరస వెతికాడు. ఒక్కో హల్లుకి ముందు అచ్చు పెట్టి అబ్, అత్, అహ్ అని పలికి చూసుకుంటూ, ఏ ధ్వని ఎక్కడ పుడుతోందో గమనించాడట. గొంతు లోతు నుంచి పెదవుల దాకా అక్షరాలని పేర్చాడు. అన్నిటికంటే లోతున పుట్టే హంజాకి నిలకడ లేదని వదిలి, ఐన్‌ని మొదట పెట్టాడు. అందుకే ఆ నిఘంటువు పేరు 'కితాబ్ అల్ ఐన్'. తన దేశం పేరులోని మొదటి అక్షరమే ఆయన పుస్తకానికీ మొదటి అక్షరమైంది.

ఈ వరస మనకి కొత్త కాదు. పాఠకులు ఒకసారి అక్, అచ్, అట్, అత్, అప్ అని పలికి చూడండి. ధ్వని లోపలి నుంచి పెదవుల వరకూ మెట్లు దిగినట్టు వస్తుంది. కచటతప అని బళ్ళో మనం వల్లించింది అదే. భారతీయ శిక్షాశాస్త్రం ప్రభావం ఖలీల్ మీద ఉందా, లేక ఆయన సొంతంగానే కనుక్కున్నాడా అన్నది పండితులు వాదించుకుంటున్న విషయం. నా మటుకు నాకు, ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నా, రెండు చోట్లా నోరే ప్రయోగశాల అయిందన్నది ముఖ్యం.

సుత్తి దెబ్బలు, గణాలు

ఖలీల్ చేసిన రెండో పని అరబీ ఛందస్సు. బస్రా బజారులో లోహపు పని చేసేవాళ్ళ సుత్తి దెబ్బలు వింటూ నడుస్తుంటే పద్యపు నడక తట్టిందని కథ. ఇంట్లో తలుపేసుకుని గణాలు కడుతుంటే కొడుకు చూసి, మా నాన్నకి పిచ్చెక్కిందని వీధిలోకి పరుగెత్తాడనీ చెబుతారు. కథలెలా ఉన్నా ఫలితం గట్టిది. పదిహేను వృత్తాలని ఐదు చక్రాలలో ఇమిడ్చి చూపించాడు. పదహారోదాన్ని తర్వాత అల్ అఖ్ఫష్ చేర్చాడంటారు.

ఆయన గణాల పేర్లు చూస్తే మనకి ముచ్చటేస్తుంది. ఒక గణం పేరు ఫఊలున్. లఘువు, గురువు, గురువు. మన యగణమే! మనం యమాతా అంటాం, వాళ్ళు ఫఊలున్ అంటారు. రెండింటిలోనూ పేరే గణం. పేరు గుర్తుంటే రూపం గుర్తున్నట్టే. ముస్తఫ్ఇలున్ అంటే మన తగణం పక్కన ఒక గురువు. ఈ ముస్తఫ్ఇలున్ నడకతో సాగే రజజ్ వృత్తంలోనే పదిహేనో శతాబ్దపు నావికుడు అహ్మద్ ఇబ్న్ మాజిద్ నక్షత్రాల గురించీ సముద్రమార్గాల గురించీ పద్యాలు రాశాడు. ఆయన పుట్టిన జుల్ఫార్ నేటి రాస్ అల్ ఖైమాలో ఉంది. చీకట్లో, గాలిలో, కాగితం తిప్పే వీలు లేని చోట నావికుడికి పద్యమే పటం.

పద్యం ఎందుకు గుర్తుంటుంది? జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అనే ఆయన తన మీద తనే ప్రయోగాలు చేసుకుని 1885లో పుస్తకం వేశాడు. అర్థం లేని అక్షరాల వరసలు కంఠస్థం చేయడానికి పట్టిన శ్రమలో పదో వంతుతోనే బైరన్ పద్యాలు వచ్చేశాయని తేల్చాడు. 1956లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్, మన మనసు ఒక్కసారికి ఏడు అంశాలు, కొంచెం అటూ ఇటూగా, పట్టుకోగలదని రాశాడు. కానీ ఆ అంశం అక్షరం కావచ్చు, మాట కావచ్చు. విడివిడి గింజలు ఏడే పట్టే చేతిలో ఏడు మూటలు కూడా పడతాయి. గణం, యతి, ప్రాస చేసే పని ఆ మూటలు కట్టడమే. అవధాని ధారణ వెనకా సాధనతో పాటు ఇలాంటి మూటలే ఉన్నాయి.

మూసుకునే తలుపు

ఇక మా అమ్మాయి కళ్ళ సంగతి. తల్లి కడుపులో ఆఖరి మూడు నెలల్లోనే బిడ్డ వినడం మొదలుపెడుతుంది. పుట్టిన మూడు రోజుల్లోపే తల్లి గొంతుని పరాయి గొంతు కంటే ఇష్టపడుతుందని 1980లో డికాస్పర్, ఫైఫర్ చూపించారు. 1984లో కెనడాలో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ చేసిన ప్రయోగం మనకి ఇంకా దగ్గరిది. వాళ్ళు తీసుకున్న ధ్వనుల్లో హిందీలోని ట, త కూడా ఉన్నాయి. ఇంగ్లీషు ఇళ్ళలో పెరిగే పిల్లలు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో ఆ తేడా ఇట్టే పట్టారు. పది నుంచి పన్నెండు నెలల పిల్లల్లో చాలామంది పట్టలేకపోయారు. హిందీ ఇళ్ళ పిల్లలకి ఆ తేడా ఏడాది దగ్గర పడినా నిలిచింది. చెవి మారలేదు. రోజూ వినే ధ్వనులకి మెదడు దారులు వేసుకుంటూ, అవసరం లేదనుకున్న దారులు మూసేసింది.

2003లో పట్రీషియా కుల్ బృందం ఇంకో అడుగు వేసింది. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకి పన్నెండు సార్లు చీనా భాష వినిపించారు. మనిషి ఎదురుగా కూచుని ఆడిస్తూ మాట్లాడితే ఆ ధ్వనులు పట్టుబడ్డాయి. అవే మాటలు తెర మీద చూపిస్తే ఒక్కటీ పట్టుబడలేదు. అది చదివి తల దించుకున్నాను. మేమిద్దరం ఉద్యోగాల హడావిడిలో ఉండగా మా పిల్ల తెలుగు విన్నది ఎక్కువగా టీవీలోనే. అయితే మాటకి మాట జవాబిచ్చే వీడియో పిలుపు వేరు. రెండేళ్ళ పిల్లలు అలా కొత్త మాటలు నేర్చుకోగలరని 2014లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. కాబట్టి ఊళ్ళోని అమ్మమ్మతో ఫోనులో మాట్లాడించడం వృథా కాదు, ఆవిడ పలకరించి జవాబు కోసం ఆగితే.

పెద్దయ్యాక దారే లేదా? ఉంది, కాకపోతే ఎత్తు. ర, ల తేడా వినబడని జపాను పెద్దలు కూడా, రకరకాల గొంతులు వింటూ సాధన చేసి మెరుగయ్యారని 1991లో చూపించారు.

దీనికి ఖలీల్ కథలోనే పాత సాక్ష్యం ఉంది. ఆయన శిష్యులందరిలోకీ గొప్పవాడు సీబవైహ్. అరబీ వ్యాకరణానికి మూలస్తంభమైన 'అల్ కితాబ్' ఆయనదే. ఆయన పారశీకుడు, అరబీ మాతృభాష కాదు. ఒకసారి చదువులో తప్పు పలికి నలుగురిలో గురువు చేత దిద్దించుకుని, ఇక నన్నెవరూ తప్పు పట్టలేని విద్య నేర్చుకుంటానని వ్యాకరణం వైపు వచ్చాడంటారు. ఆయన గ్రంథం నిండా ఖలీల్ మాటలే. ఒక వలసవాడు చెవి ఒగ్గి చెప్పాడు, ఇంకొక పరాయి భాషవాడు చెవి ఒగ్గి విన్నాడు.

ఇప్పుడు శుక్రవారాలు మా ఇంట్లో టీవీ మధ్యాహ్నం దాకా పెట్టం. మా అమ్మాయి నేనూ ఎదురెదురుగా కూచుంటాం. నాలుక మడిచి కళ్ళు, బళ్ళు, ముళ్ళు, నీళ్ళు. మా ఆవిడ వంటింట్లోంచి ఓ మాట విసురుతుంది, మేం పట్టుకుంటాం. పదిసార్లలో ఆరుసార్లు 'ళ' వస్తోంది. నా సంగతా? మొన్న ఆ మిత్రుడు మళ్ళీ దేశం పేరు అడిగాడు. గొంతు బిగించి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "దగ్గరకొచ్చారు" అన్నాడు.