వేషం, మారువేషం: కూచిపూడి నుంచి మాలపల్లి దాకా

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న ప్రశ్న తీసుకుందాం. కథో, నాటకమో, కవితో రాయడానికీ, రిపోర్టో, వార్తో, దస్తావేజో రాయడానికీ అసలు తేడా ఏంటి?

ఈ ప్రశ్నకి మామూలుగా రెండు జవాబులు వస్తాయి. ఒకటి, "కథ అంటే కల్పన, రిపోర్టు అంటే నిజం" అని. రెండోది, "కథలో భాష అందంగా ఉంటుంది, రిపోర్టులో పొడిపొడిగా ఉంటుంది" అని. ఈ రెండూ సగం సగమే సరిపోతాయి. ఎందుకో తెలియాలంటే దూరం వెళ్ళక్కర్లేదు, మన కృష్ణా డెల్టా చరిత్ర చాలు.

ముందు మీకు బాగా గుర్తున్న సంగతి. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ వైపు ఇళ్ళు మునిగాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద నమోదైంది. ఈ అంకె కూడా ఒక రాతే. ఇది తప్పైతే కింద లంక ఊళ్ళు ఖాళీ చేయించాలా వద్దా అన్న నిర్ణయం తప్పుతుంది, ప్రాణాలు పోతాయి. అందుకే ఆ రాత పొడిగా, కచ్చితంగా ఉండాలి. కానీ మేడ మీద కూర్చుని, కింద నీళ్ళలో తేలుతున్న పిల్లల పుస్తకాల సంచిని చూసే తల్లికి ఎలా ఉంటుందో ఆ అంకె చెప్పదు. చెప్పాల్సిన పని కూడా దానికి లేదు. అది చెప్పాలంటే ఇంకో రకం రాత కావాలి.

ఇప్పుడు 500 ఏళ్ళు వెనక్కి వెళ్దాం. విజయవాడ నుంచి ఉయ్యూరు, పామర్రు దాటి వెళ్తే కూచిపూడి వస్తుంది. నాట్యం పేరు ఆ ఊరి పేరే అని అందరికీ తెలుసు. ఆ పేరున్న భాగవతుల గురించి దొరికే పాత ప్రస్తావనల్లో ముఖ్యమైనది మాత్రం డెల్టాలో రాసింది కాదు. కడప జిల్లా సిద్ధవటం దగ్గరి మాచుపల్లి అనే ఊరి కైఫియత్తులో ఉంది.

కైఫియత్తు అంటే ఊరి వివరాల కాగితం అనుకోండి. 1800కి అటూ ఇటూగా కాలిన్ మెకంజీ అనే సర్వే అధికారి దక్షిణాది అంతా తిరిగాడు. తర్వాత 1815లో దేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయింది ఈయనే. ఆయనకి కుడిభుజంగా పనిచేసినవాళ్ళు ఏలూరుకి చెందిన కావలి బొర్రయ్య, ఆయన సోదరులు. కరణాల దగ్గరున్న కవిలె కట్టలు, ఊరి పెద్దలు చెప్పిన సంగతులు, గుళ్ళ మీది శాసనాలు, అన్నీ రాయించి పోగుచేశారు. అవే మనం ఇప్పుడు కైఫియత్తులు అంటున్నవి.

మాచుపల్లి కైఫియత్తు చెప్పేది ఇది. 16వ శతాబ్దం మొదట్లో సిద్ధవటం ప్రాంతాన్ని సమ్మెట గురవరాజు అనేవాడు ఏలుతున్నాడు. డబ్బు వసూలు కోసం ఆడవాళ్ళని చిత్రహింసలు పెట్టేవాడు. కూచిపూడి భాగవతులు ఆ దారిన వెళ్తూ ఈ ఘోరం చూశారు. విజయనగరం చేరి వీరనరసింహరాయల ముందు ఆట కట్టారు. ఆ ఆటలో ఒకడు గురవరాజు వేషం వేశాడు, మరొకడు హింసపడే ఆడమనిషి వేషం వేశాడు. తాము చూసింది చూసినట్టు ఆడి చూపించారు. రాజుకి విషయం అర్థమైంది. సైన్యాన్ని పంపి గురవరాజుని పట్టించి చంపించాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ భాగవతులు అర్జీ రాసి ఇవ్వొచ్చుగా? ఎందుకు ఇవ్వలేదో కైఫియత్తు వివరించదు, మనం ఊహించుకోవచ్చు. అర్జీలో ఏం రాస్తారు? "ఫలానా పాలకుడు ఫలానా చోట ప్రజల్ని బాధిస్తున్నాడు" అని ఒక వాక్యం. అలాంటి వాక్యాలు దర్బారుకి రోజూ వస్తుంటాయి. విన్నవాడు తల ఊపి పక్కన పెట్టేస్తాడు. వేషం అలా కాదు, కళ్ళ ముందు నిలబడుతుంది. కాసేపు రాజు కూడా ఆ ఊళ్ళో ఉన్నట్టే, ఆ కేక విన్నట్టే.

మరి వాళ్ళు చేసింది అబద్ధమా? ఆడినవాడు గురవరాజు కాదు. హింసపడ్డది ఆడమనిషీ కాదు, ఆడవేషంలో ఉన్న మగవాడు. చూస్తున్న రాజుకి ఆ సంగతి తెలుసు, దర్బారు మొత్తానికీ తెలుసు. అందుకే అక్కడ మోసం లేదు. ఈపాటి చాలు మన ప్రశ్నకి జవాబు మొదలవడానికి. సృజనాత్మక రచన అంటే వేషం. "ఇది వేషం" అని ముందే చెప్పి, ఆ వేషంలోంచి నిజాన్ని చూపించేది. రిపోర్టుకి ఆ వెసులుబాటు లేదు. "ఇది జరిగింది" అని అది మాట ఇస్తుంది, ఆ మాటకి కట్టుబడి ఉండాలి.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆ ఆట ఏ మాటలతో ఆడారో మనకి మిగల్లేదు. ఆట జరిగిందన్న సంగతి మాత్రం ఆ పొడి కాగితం వల్లే తెలుస్తోంది. అంటే సృజన చేసిన పనిని కాపాడింది రికార్డు. ఆ రికార్డుని కూడా గుడ్డిగా నమ్మేయకూడదు. జరిగిన సంగతికీ, మెకంజీ మనుషులు దాన్ని రాయించుకోవడానికీ మధ్య దాదాపు 300 ఏళ్ళు గడిచాయి. అందుకే చరిత్రకారులు దాన్ని శాసనాలతో, రాజుల ఏలుబడి తేదీలతో పోల్చి చూస్తారు. రికార్డు నియమం అదే. తప్పని ఇంకో ఆధారం చూపిస్తే దిద్దుకోవాలి.

నాటకానికి ఈ నియమం వర్తిస్తుందా? కూచిపూడిలోనే చూద్దాం. గోల్కొండ తానీషా ఆ ఊరిని భాగవతులకి అగ్రహారంగా ఇచ్చాడని చెబుతారు. 1763లో ఆ కుటుంబాలు ఆస్తి పంచుకున్నప్పుడు రాసుకున్న పత్రం ఒకటుంది. అందులో కుటుంబాల పేర్లు, వాటాలు ఉన్నాయి. ఏ ఇంటిపేరు వాళ్ళు అప్పటికే ఆ ఊళ్ళో ఉన్నారో తెలుసుకోవాలంటే చరిత్ర రాసేవాళ్ళకి అది బంగారం. అదే ఊళ్ళో తరతరాలుగా ఆడుతున్న ఇంకో రచన భామాకలాపం. సిద్ధేంద్రయోగి రాశాడని సంప్రదాయం చెబుతుంది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. పంపకాల పత్రంలో ఒక పేరు తప్పుపడితే ఒక కుటుంబానికి అన్యాయం జరుగుతుంది, కోర్టు దాకా పోతుంది. భామాకలాపంలో సత్యభామ ఫలానా తేదీన కృష్ణుడితో నిజంగా అలిగిందా అని ఎవరూ అడగరు. కానీ దానికీ ఒక పరీక్ష ఉంది. సత్యభామ గర్వం, ఆ గర్వం కరిగాక వచ్చే దిగులు, చూసేవాళ్ళకి "అవును, మనిషి ఇలాగే ఉంటాడు" అనిపించాలి. అనిపించకపోతే ఎంత మంచి నగలు పెట్టినా, ఎన్ని పెద్ద పదాలు వాడినా ఆట పండదు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామ వేషానికి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. ఆయన మగవాడని తెలిసే జనం చూశారు, తెలిసే మెచ్చుకున్నారు. కాబట్టి సృజనలో ఏం రాసినా చెల్లుతుందనుకోవడం పొరపాటు. దాని నిజానికి కొలత వేరు, అంతే.

ఇప్పుడు భాష సంగతి. అందమైన భాష ఉంటేనే సృజన అవుతుందా? 1832-33లో గుంటూరు సీమలో భయంకరమైన కరువు వచ్చింది. లక్షన్నరకు పైనే జనం చనిపోయారని అంచనాలు. కంపెనీ అధికారులు రిపోర్టులు రాశారు. ఎంత మంది పోయారు, ఎంత శిస్తు నష్టం వచ్చింది, నది నీళ్ళు పొలాలకి మళ్ళిస్తే ఎంత లాభం, ఇవన్నీ కాటన్ లాంటి ఇంజనీర్లు తర్వాతి ఏళ్ళలో లెక్కలు కట్టి వాదించారు. 1852లో విజయవాడ దగ్గర ఆనకట్ట పని మొదలై 1855కి పూర్తయింది. ఆ చోటుకి దగ్గర్లోనే 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. డెల్టా పచ్చబడింది ఆ పొడి లెక్కల వల్ల కూడా. కాబట్టి రిపోర్టుని తక్కువ చేసి మాట్లాడకండి.

మరి జనం ఆ కరువుకి ఏం పేరు పెట్టారో తెలుసా? డొక్కల కరువు. పొట్ట వీపుకి అంటుకుపోయి, డొక్కలు ఎండిపోయిన మనిషి ఆ ఒక్క మాటలో కనిపిస్తాడు. ఉపమానం లేదు, ప్రాస లేదు, సంస్కృత సమాసం లేదు. ఎవరు పుట్టించారో తెలియని ఆ మాట సృజనే. రిపోర్టు కరువుని లెక్కపెట్టింది, ఆ పేరు కరువుని చూపించింది.

పాలకులకి ఈ రెండో రకం రాత అంటే ఎందుకు భయమో ఇంకో ఉదాహరణ చెప్తాను. గుంటూరులో ఉండి పనిచేసిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జాతీయోద్యమం రోజుల్లో జైల్లో ఉండి మాలపల్లి నవల రాశారు. 1922లో అచ్చయింది. కథ జరిగే మంగళాపురం కల్పిత గ్రామం. రామదాసు కల్పిత పాత్ర, ఆయన కొడుకు సంగదాసు కూడా అంతే. అయినా మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. 1937లో కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చాక గానీ ఆ నిషేధం పూర్తిగా తొలగలేదు.

కూలీల బతుకుల మీద వివరాలు ప్రభుత్వం దగ్గర లేవా? జనాభా లెక్కలు, రెవెన్యూ కాగితాలు కట్టలకి కట్టలు ఉన్నాయి. వాటిని ఎవరూ నిషేధించలేదు. లెక్కల్లో కూలి అంటే ఒక అంకె. నవలలో సంగదాసు చనిపోతే చదివేవాడి ఇంట్లో మనిషి పోయినట్టు ఉంటుంది. లేని ఊరి కథ చదివి, ఉన్న ఊరిని కొత్తగా చూడడం మొదలుపెడతాడు. సర్కారుకి కంగారు పుట్టించింది అదే అని నాకు అనిపిస్తుంది.

ఇంతవరకూ వేషం గురించి చెప్పుకున్నాం. ఇప్పుడు మారువేషం గురించి. వేషగాడు తెర ముందుకొచ్చి తాను ఫలానా పాత్రనని చెప్పుకుంటాడు. కూచిపూడిలో పాత్ర ప్రవేశానికి దరువే ఉంటుంది. మారువేషం వేసినవాడు మాత్రం తాను వేషంలో ఉన్నానని దాస్తాడు. మన ఫోన్లలోకి వచ్చేవాటిలో చాలా భాగం ఇదే. ఎవరో అల్లిన కథ, పేరు లేకుండా, తేదీ లేకుండా, "ఇది నిజంగా జరిగింది, అందరికీ పంపండి" అని వస్తుంది. వరద రోజుల్లో "ఫలానా కట్ట తెగిందంట" అని ఒక మెసేజ్ వస్తే ఊరు ఊరంతా పరుగెత్తాలి. అదే మాట ఒక కథలో ఉంటే తప్పేం లేదు, మంచి కథే కావచ్చు. వార్త బట్టలు వేసుకుని వచ్చినప్పుడే అది ప్రమాదం.

కాబట్టి మీరు రాసేటప్పుడు, ఫార్వర్డ్ చేసేటప్పుడు, ఒక్క మాట చూసుకోండి. చదివేవాడికి నేను ఏం మాట ఇస్తున్నాను? "జరిగింది" అని మాటిస్తే పేరు, చోటు, తేదీ సరిచూసుకోవాలి. "ఊహించుకో" అంటే ఎంత దూరమైనా వెళ్ళొచ్చు, కానీ మనిషి మనసు విషయంలో అబద్ధం ఆడకూడదు. భాష పొడిగా ఉందా, తీపిగా ఉందా అన్నది తర్వాతి సంగతి.

చివరిగా మీకో చిన్న పని. డొక్కల కరువు లాగా మీ ఊళ్ళో ఏదైనా కరువుకో, వరదకో, ఉప్పెనకో జనం పెట్టుకున్న పేరు ఉందా? మీ తాతయ్యనో, నాయనమ్మనో, అమ్మమ్మనో అడిగి కామెంట్లో రాయండి. ఎవరు చెప్పారో, ఏ ఊరో కూడా రాయండి. విన్నదైతే విన్నామనే రాయండి.