చార్మినార్ గుమ్మంలో అక్షరం: హైదరాబాద్ నాణేల అరుదుదనం, వేలం విలువ

1987 నవంబరు 9న జెనీవా నగరంలో హాబ్స్‌బర్గ్ ఫెల్డ్‌మన్ అనే సంస్థ రెండు బంగారు నాణేలను వేలానికి పెట్టింది. ఒకటి జహంగీరు పేర 1613లో ఆగ్రా టంకశాలలో తయారైనది. దాని బరువు 11,935.8 గ్రాములు, అడ్డకొలత 20.3 సెంటీమీటర్లు. రెండోది షాజహాను పేర 1639లో లాహోరులో ముద్రించిన నూరు తులాల నాణెం. రెండూ హైదరాబాద్ నిజాముల వారసత్వ సొత్తుగా ప్రచారంలోకి వచ్చాయి. పెద్ద నాణేనికి అనుకున్న కనీస ధర రాలేదు, అది అమ్ముడుపోలేదు. భారతదేశంలో కేంద్ర దర్యాప్తు సంస్థ కేసు నమోదు చేసింది. ముప్ఫై అయిదేళ్ల తరువాత, 2022లో, కేంద్రం మళ్లీ ఆ నాణెం జాడ తీయిస్తోందని పత్రికల్లో వార్తలు వచ్చాయి.

హైదరాబాద్ నాణేల మాట వస్తే సంభాషణ ఈ పన్నెండు కిలోల బంగారం దగ్గరే మొదలై అక్కడే ముగుస్తుంది. ఈ అలవాటు వల్ల పాతబస్తీలో తయారైన అసలైన అరుదు నాణేల చరిత్ర మరుగున పడిందని నా వాదన. వేలంలో ధర పలికించేవి లోహం, వయసు కావు. సాటి నాణేల నుంచి ఒకదాన్ని విడదీసే చిన్న తేడా ఒకటి, ఆ నాణెం ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెప్పే కాగితం ఒకటి. జెనీవాకు వెళ్లిన నాణేనికి రెండోది లోపించింది. చార్మినార్ బొమ్మ ఉన్న మామూలు వెండి రూపాయికి మొదటిది దండిగా ఉంది.

వెయ్యి తులాలా, వెయ్యి మొహరులా?

ముందుగా ఆ పెద్ద నాణెం లెక్క తేల్చాలి. దాన్ని కొందరు వెయ్యి మొహరుల నాణెం అంటారు, కొందరు వెయ్యి తులాల నాణెం అంటారు. మొఘలు మొహరు సుమారు 10.9 గ్రాములు. ఆ లెక్కన 11,935.8 గ్రాములకు దాదాపు 1,095 మొహరులు అవుతాయి. వెయ్యితో భాగిస్తే ఒక్కో వంతు 11.94 గ్రాములు. ఇది మొఘలు తులానికి దగ్గర పడే తూకం. కాబట్టి వెయ్యి తులాలు అన్న పేరే సరైనది. జహంగీరు తన ఆత్మకథలో కూడా పెద్ద నాణేలను తులాలలోనే చెప్పాడు. నూరు తులాల బంగారు నాణేనికి నూర్‌షాహీ అనీ, యాభై తులాలకు నూర్‌సుల్తానీ అనీ, ఒక్క తులానికి నూర్‌జహానీ అనీ పేర్లు పెట్టుకున్నాడు. అంతకుముందు అక్బరు కాలంలోనూ నూరు తులాలు దాటిన షహన్‌షా అనే నాణెం ఉన్నట్టు అబుల్ ఫజల్ రాశాడు. ఇవేవీ బజారులో చెలామణీ అయ్యేవి కావు. రాయబారులకు బహుమానంగానో ఖజానాలో ఆస్తిగానో ఉండేవి. కరువు వచ్చినా యుద్ధం వచ్చినా ముందుగా కొలిమిలోకి వెళ్లేవీ అవే. మిగిలింది ఒకటి రెండే కావడానికి కారణం అదే.

ఇంత అరుదైన వస్తువు ఎందుకు అమ్ముడుపోలేదు? పక్కనే పెట్టి చూడదగిన ఉదాహరణ అమెరికాలో ఉంది. 1933లో అక్కడ 4,45,500 ఇరవై డాలర్ల బంగారు నాణేలు ముద్రించారు. బంగారు నాణేల చెలామణీ ఆపేయడంతో వాటిని విడుదల చేయకుండా కరిగించారు. కొన్ని బయటికి జారిపోయాయి. వాటిలో ఒకటి ఈజిప్టు రాజు ఫరూక్ చేతికి చేరింది. అది దేశం దాటడానికి 1944లో అమెరికా ప్రభుత్వమే ఎగుమతి అనుమతి ఇచ్చింది. ఆ అనుమతి పత్రం పుణ్యాన అదొక్కటే ప్రైవేటు వ్యక్తి చట్టబద్ధంగా ఉంచుకోగల నాణెంగా నిలిచింది. 2002లో సుమారు 76 లక్షల డాలర్లకు, 2021 జూన్ 8న న్యూయార్క్ సోథబీస్ వేలంలో సుమారు 1.89 కోట్ల డాలర్లకు పోయింది. దాని బంగారం సుమారు 30 గ్రాములు మాత్రమే, అంటే జెనీవా నాణేనికి దరిదాపుల్లో లేదు. జెనీవా నాణేనికి అలాంటి అనుమతి పత్రం లేదు. 1972 పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణేన్ని కేంద్ర ప్రభుత్వమో, అది అధికారమిచ్చిన సంస్థో తప్ప ఎవరూ విదేశానికి పంపకూడదు. ఆ చట్టం 1976 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. కొన్న మరునాడే ఒక దేశం వచ్చి నాది అని అడిగే వస్తువు మీద ఎవరు పందెం కాస్తారు?

సుల్తాన్‌షాహీ నుంచి సైఫాబాదుకు

పాతబస్తీకి వద్దాం. మొఘల్‌పురా ప్రాంతంలోని సుల్తాన్‌షాహీలో 1803లో మూడో నిజాం సికందర్‌జా కాలాన టంకశాల ఏర్పడింది.  1895లో యంత్రాలు తెచ్చారు. 1903 జూలైలో టంకశాల సైఫాబాదుకు తరలింది. 1950లో భారత ప్రభుత్వం పరమైంది, 1997లో చర్లపల్లికి మారింది. సైఫాబాదు భవనం 2022లో మింట్ మ్యూజియంగా తెరుచుకుంది. చర్లపల్లి నాణేల మీద సంవత్సరం కింద కనిపించే అయిదు మొనల నక్షత్రం హైదరాబాద్ టంకశాల గుర్తు.

ఈ వరస చదివి నగరపు నాణేల చరిత్ర 1803లో మొదలైందనుకోకూడదు. కుతుబ్‌షాహీల రాగి నాణేల మీద దారుస్సల్తనత్ హైదరాబాద్ అనే పేరు ఉంది. 1687లో గోల్కొండను జయించిన ఔరంగజేబు నగరాన్ని దారుల్‌జిహాద్ అని నాణెం మీదికి ఎక్కించాడు. తరువాత అది ఫర్ఖుందా బునియాద్ అయింది. పాలకులు మారిన కొద్దీ నగరానికి బిరుదు మారింది, ఆ మార్పు నాణేల మీద నమోదైంది. వీటిలో సేకర్తల నోరూరించేవి కాంబక్ష్ నాణేలు. ఔరంగజేబు చిన్న కొడుకు కాంబక్ష్ తండ్రి పోయాక దక్కనులో తనను తాను పాదుషాగా ప్రకటించుకొని, దీన్‌పనా అనే బిరుదుతో నాణేలు వేయించాడు. 1709 జనవరిలో హైదరాబాద్ దగ్గర అన్న బహదూర్ షా సేనతో పోరాడి గాయపడి చనిపోయాడు. రెండేళ్లు నిండని రాజ్యం కనుక ముద్ర పడిన నాణేలే తక్కువ. ఓడిన రాజు పేరున్న డబ్బును గెలిచినవాడు బజారులో ఉండనివ్వడు కనుక మిగిలినవి మరీ తక్కువ.

అసఫ్‌జాహీల నాణేల్లో అసలు రుచి అక్షరాల్లో ఉంది. 1857 దాకా నిజాములు తమ పేరు పూర్తిగా వేసుకోలేదు. నాణెం మీద ఢిల్లీ పాదుషా పేరు ఉండేది. ఏ నిజాం కాలానిదో చెప్పడానికి ఒక మూల వారి పేరులోని తొలి పర్షియన్ అక్షరం ఉండేది. బహదూర్ షా జఫర్ గద్దె దిగాక ఆ పేరు తీసేసి నిజాముల్ముల్క్ అసఫ్‌జా బహదూర్ అని వేశారు. దానితో పాటు 92 అనే అంకె చేరింది. ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె కట్టే అబ్జద్ లెక్కలో ముహమ్మద్ అనే పేరుకు వచ్చే మొత్తం అది: నలభై, ఎనిమిది, నలభై, నాలుగు. ఢిల్లీ పాదుషా పేరు పోయిన చోట కలకత్తా గవర్నరు జనరలు పేరో విక్టోరియా పేరో రాకుండా ప్రవక్త పేరు అంకె రూపంలో వచ్చి కూర్చోవడంలో మంచి రాజనీతి ఉందని నాకు అనిపిస్తుంది. ఈ మార్పు దివాన్ మొదటి సాలార్‌జంగ్ కాలంలో జరిగింది. అప్పటి దాకా గద్వాల, నారాయణపేట, వనపర్తి లాంటి చోట్ల కూడా రూపాయలు తయారయ్యేవి. నారాయణపేట నాణేల మీద టంకశాల పేరు దిల్షాదాబాద్. వనపర్తి వాటి మీద సుగూరు. ఈ సంస్థానాల రూపాయలు తెలుగు నేల మీద పుట్టినవి కదా, అయినా తెలుగులో వీటి మీద ఓపికగా రాసినవారు తక్కువ.

హైదరాబాద్ సొంత రూపాయి అయిన హాలీ సిక్కా ఇలా పుట్టింది. దాని తూకంలో తెలివి ఉంది. ఇంగ్లీషు వారి కల్దార్ రూపాయి 11.66 గ్రాములు, అందులో వెండి పన్నెండింట పదకొండు వంతులు, అంటే సుమారు 10.69 గ్రాములు. హైదరాబాద్ రూపాయి 11.18 గ్రాములు, అందులో వెండి వెయ్యికి 818 పాళ్లు, అంటే సుమారు 9.15 గ్రాములు. ఒకదాన్ని మరొకదానితో భాగిస్తే దాదాపు ఆరుకు ఏడు. ఆరు కల్దార్‌లకు ఏడు హాలీలు అని మన తాతల నోళ్లలో నానిన మారకపు లెక్కకు వెండి పాళ్లే సాక్ష్యం.

సుత్తిదెబ్బతో చేసిన ఆ రూపాయల తరువాత యంత్రపు చర్ఖీ రూపాయలు వచ్చాయి. ఆ వెనుక, టంకశాల సైఫాబాదుకు మారిన రోజుల్లో, మహబూబ్ అలీ ఖాన్ నాణేల మీద చార్మినార్ వెలిసింది. ఆ చార్మినార్ నడిమి గుమ్మంలో ఒక అక్షరం ఉంటుంది. మహబూబ్ నాణెమైతే మీమ్. 1911 ఆగస్టు 29న ఆయన చనిపోయి ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కాక మీమ్ స్థానంలో ఐన్ వచ్చింది. తొలి నాణేల్లో ఈ ఐన్ పొట్టిది. మాట మొదట్లో రాసేటప్పుడు ఉండే రూపం, తోక లేదు. కొద్ది కాలంలోనే తోకతో కూడిన నిండు ఐన్ చెక్కారు. ఆ తరువాత ఆయన పాలనంతా అదే. కొత్త రాజు వచ్చిన తొందరలో చెక్కిన అచ్చుకూ తీరిక దొరికాక చెక్కిన అచ్చుకూ మధ్య తేడా ఇది. హిజ్రీ 1329 నాటి పొట్టి ఐన్ నాణెం, అందులోనూ బంగారు అష్రఫీ, కేటలాగులో కనబడితే సేకర్త కన్ను అక్కడ ఆగుతుంది.

బజారు, కొలిమి, వేలం

అష్రఫీ 11.178 గ్రాములు, బంగారం వెయ్యికి 910 పాళ్లు. అర, పావు, అరపావు అష్రఫీలు కూడా ఉండేవి. నిజాం దర్బారులో నజరు పెట్టడానికి అమీర్లూ కొలువుదారులూ అష్రఫీ చేతిరుమాలులో పట్టుకొని నిలబడేవారు. గుల్జార్ హౌజ్ చుట్టూ ఉన్న నగల అంగళ్లలో దాన్ని ఈనాటికీ ముందు తూకానికే చూస్తారు. కాసులపేరులో గుచ్చిన అష్రఫీకి టంకం వేసిన కొక్కెం ఉంటుంది. తరువాత కొక్కెం తీసి గీకినా అంచు మీద మచ్చ మిగులుతుంది. సేకర్తలు దాన్ని పక్కన పెట్టేస్తారు. మెరవడానికి చింతపండుతో తోమిన వెండి రూపాయిదీ అదే గతి. నూరేళ్ల నల్లదనమే దానికి కిరీటం, అది పోతే ముద్రలోని సన్నని గీతలు కూడా పోతాయి. బంగారం ధర పెరిగినప్పుడల్లా పాత అష్రఫీలు కొలిమికి వెళుతూనే ఉన్నాయి. అరుదుదనం పెరగడానికి టంకశాల ఎంత కారణమో ఈ కొలిమి అంత కారణం. ఏ ఏడాది ఎన్ని అష్రఫీలు ముద్రించారన్న లెక్క మాత్రమే చూసి ధర కట్టేవారు ఈ సంగతి మరిచిపోతున్నారు.

కాగితం విలువకు వింతైన రుజువు ఒకటి నాణేల పక్కనే ఉంది. 1922 మే 20న ఫ్రాన్సు తీరాన ఉషాంట్ దగ్గర ఎస్.ఎస్. ఈజిప్టు అనే ఓడ మునిగింది. బంగారం, వెండితో పాటు నిజాం ప్రభుత్వం కోసం లండన్‌లో అచ్చయిన నోట్లు కూడా అందులో ఉన్నాయి. 1930లలో ఇటలీ వారు గజ ఈతగాళ్లతో ఆ సొత్తు పైకి తీసినప్పుడు తడిసిన నోట్లు కూడా బయటపడ్డాయి. సంతకం పడని, ఎన్నడూ చెలామణీ కాని ఆ నోట్లను సేకర్తలు ఇష్టంగా కొంటారు. ఎక్కడి నుంచి వచ్చాయో అనుమానం లేకపోవడమే వాటి బలం.

చట్టం విషయంలో సాధారణ కుటుంబాలకు తెలియని మెలిక ఒకటుంది. నూరేళ్ల గీత ఏటేటా ముందుకు జరుగుతోంది. 1911 నాటి పొట్టి ఐన్ రూపాయి 2011లోనే పురావస్తువైంది. ఉస్మాన్ అలీ ఖాన్ 1948 నాటి నాణెం 2048లో అవుతుంది. పైగా నాణెం మీద ఉన్నది హిజ్రీ సంవత్సరం. 1343 అంటే 1924 ఆగస్టు నుంచి 1925 జూలై దాకా, రెండు క్రీస్తు శకపు ఏళ్లలో పడుతుంది. అలాంటి చోట పక్కనే చెక్కిన జులూస్, అంటే పాలన ఏడు, చూసి తేల్చవలసి ఉంటుంది. ముంబయి, బెంగళూరు వేలం కేటలాగులలో నూరేళ్లు దాటిన నాణేలు దేశం దాటకూడదని ముందే అచ్చు వేస్తారు. పాతబస్తీ నుంచి జెద్దాకో షికాగోకో వెళుతున్న కొడుకు పెట్టెలో తల్లి గుర్తుగా వేసే నాయనమ్మ అష్రఫీకి అలాంటి కేటలాగు లేదు. నిరుడు దోషం కాని నాణెం ఈ ఏడు విమానాశ్రయంలో దోషం కావచ్చు. అది ఏ గీతకు ఎటువైపు ఉందో చెప్పగలిగినవి నాణెం మీది ఆ రెండు సంవత్సరాలే.