గట్టు మీది ముళ్లకంచె

మా అనంతపురం పల్లెల్లో ఒకప్పుడు కంచె అంటే పాతేది కాదు, పెంచేది. మా తాత చేని గట్టున కలివి, ఆదొండ, గచ్చ కలగలిసి ఉండేవి. సందుల్లో దూసరితీగ అల్లుకునేది. మోపు కట్టాలంటే ఆ తీగే మాకు తాడు. కలివిపండ్లలో మా నోటికి అందినవి పోను మిగిలినవి పికిలిపిట్టలకు. కౌజులు ఆ పొదల అడుగునే గుడ్లు పెట్టేవి, ముంగిసలు ఎలుకల పని పట్టేవి. ఎంత వానొచ్చినా గట్టు తెగేది కాదు.

నాగజెముడు కథ వేరు. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఆ మొక్క కంచె దాటి బీళ్లన్నీ ఆక్రమించింది. 1926లో శ్రీలంక నుంచి తెచ్చిన కొచినీల్ జాతి పురుగు రసం పీల్చి దాన్ని అణచింది. 1877 ప్రాంతంలో కడప జిల్లాలో విత్తిన సీమతుమ్మకు మాత్రం అలాంటి మందు దొరకలేదు. కంచె చేను మేయడమంటే ఇదే!

ఇప్పుడందరూ ఇనుపతీగ లాగుతున్నారు. ఖర్చు మీది, కాదనను. గట్టున ఒక్క వైపైనా కలివి విత్తనాలు వేయండి.