మొహం మన్యానిది, హక్కు ఎవరిది?

అరకు పేరెత్తగానే చాలామందికి కళ్ల ముందు నిలిచేది ఒక ఫొటో. ఒకరి వెనక ఒకరు చేతులు కలిపి థింసా ఆడుతున్న ఆడవాళ్లు, లేదంటే ముక్కుకు మూడు పుడకలు పెట్టుకున్న ఒక ముసలమ్మ. కేలండర్ల మీదా, టూరిజం పోస్టర్ల మీదా ఈ బొమ్మలే. ఆ ముసలమ్మ పేరేమిటని మాత్రం ఎవరూ అడగరు. ఈ అడగకపోవడం నిన్న మొన్న మొదలైంది కాదు, దానికి నూటయాభై ఏళ్ల చరిత్ర ఉంది.

1857 తిరుగుబాటు తర్వాత తెల్లదొరలకు తాము ఏలుతున్న జనం ఎవరో తెలుసుకోవలసిన అవసరం పడింది. 1868 నుంచి 1875 దాకా లండన్‌లో ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ ఎనిమిది సంపుటాలుగా వెలువడింది. అందులో మనుషులు కులాలకు, తెగలకు నమూనాలు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు ఎడ్గార్ థర్‌స్టన్ ఆ పనినే మన దక్షిణాదిలో చేశాడు. కొలత పనిముట్లు, కెమెరా పట్టుకుని తిరిగాడు. 1909లో కె. రంగాచారితో కలిసి ‘క్యాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా’ ఏడు సంపుటాలు తెచ్చాడు. మన గదబలు, పోర్జలు, ఖోందులు అందులో ఉన్నారు. వయనాడులో పణియ ఆడవాళ్లు తనను చూసి పారిపోయారని ఆయనే రాసుకున్నాడు. తమలో బాగున్నవాళ్లను పట్టుకుపోయి, గడ్డి కూరి మ్యూజియంలో నిలబెడతాడని వాళ్ల భయమట. దొరకు అది నవ్వులాట. కానీ ఆ ఆడవాళ్లు కెమెరా చేసే పనిని మనకంటే ముందే కనిపెట్టారని నేనంటాను.

దొరలు పోయారు, దారి మిగిలింది. 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి ఈ కొండల్ని తొలిచి కొత్తవలస-కిరండోల్ రైలుమార్గం వేశారు. 2017లో అదే పట్టాల మీద అద్దాల పెట్టె విస్టాడోమ్ వచ్చింది. ఒకప్పుడు ఖనిజం దిగిన దారిన ఇప్పుడు ఫొటోలు కూడా దిగుతున్నాయి.

ఆ ఫొటోలు అమ్ముడుపోయే సంత కూడా మారింది. 2000లో కెనడాలో ఐస్టాక్‌ఫొటో, 2003లో న్యూయార్క్‌లో షటర్‌స్టాక్ మొదలయ్యాయి. వీటినే మైక్రోస్టాక్ ఏజెన్సీలంటారు. ఎవరైనా ఫొటో పెట్టొచ్చు, ఎవరైనా చవగ్గా కొనొచ్చు, ఒకే ఫొటో వెయ్యిసార్లు అమ్ముడుపోవచ్చు. 2006లో ఐస్టాక్‌ను గెట్టీ 5 కోట్ల డాలర్లకు కొనేసింది. తీసినవాడికి దక్కేదీ అంతంతమాత్రమే. 2020 జూన్‌లో షటర్‌స్టాక్ లెక్క మార్చి, ఒక డౌన్‌లోడుకు కనీసం 10 సెంట్లంది. ఫొటోగ్రాఫర్లు గోల పెట్టారు, న్యాయమే. 2023లో అదే కంపెనీ తన బొమ్మల నిధిని యంత్రాలకు నేర్పడానికి ఇచ్చేందుకు ఓపెన్‌ఏఐతో ఆరేళ్ల ఒప్పందం చేసుకుంది. తీసినవాళ్లకు అందులో ఇంత వాటా అన్నారు. ఫొటోలో ఉన్న మనిషి సంగతి ఆ లెక్కలో ఎక్కడా లేదు.

చట్టంలోనూ లేదు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం ఫొటోకు కర్త, దాన్ని తీసినవాడు. వ్యాపార ప్రకటనలకు వాడాలంటే ఏజెన్సీలు ‘మోడల్ రిలీజ్’ అనే ఒప్పుకోలు కాగితం అడుగుతాయి. అది లేకపోతే వార్తలకు, వ్యాసాలకు వాడే బొమ్మగా అమ్ముతాయి. అంటే సంతకం పెట్టకపోయినా మొహం అమ్ముడుపోతూనే ఉంటుంది. పెట్టినా, ఆ ఇంగ్లీషు కాగితంలో ఏముందో కువి మాట్లాడే అమ్మకు ఎవరు చదివి చెబుతారు? మా ఇంట్లో నాకు ముందు తరమంతా వేలిముద్రలే. చదివి వినిపించని కాగితం మీద పడ్డ వేలిముద్ర ఏం చేస్తుందో మా లాంటి ఇళ్లలో ఎవర్నడిగినా చెబుతారు. ఆ అనుభవంతోనే 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో 1/70గా గట్టిచేశారు. ఏజెన్సీలో సెంటు భూమి గిరిజనేతరుడికి రాయడానికి వీల్లేదు. మొహానికి మాత్రం అలాంటి కంచె లేదు.

ఫొటోలో పడనివాళ్ల మాట కూడా చెప్పుకోవాలి. కొరాపుట్ వైపు థింసాకు మోరీ ఊదేది, డప్పు కొట్టేది చాలాచోట్ల డోంబులు. సరిహద్దుకు ఇవతల వాల్మీకులన్న పేరుతో వాళ్లు ఎస్టీలు, అవతల ఒడిశాలో ఎస్సీలు. అమ్ముడుపోయే బొమ్మలో ఆడేవాళ్ల చీరలుంటాయి, వాయించేవాళ్లు ఫ్రేము బయట ఉండిపోతారు. ఆదివాసీ ‘అందం’ కొనేవాడికి అంటరానివాడి శ్రమ అక్కర్లేదు. సంత ఏది అడుగుతుందో కెమెరా దాన్నే చూస్తుంది.

ఇప్పుడు మన్యం పిల్లల చేతుల్లోనూ ఫోన్లున్నాయి. వాళ్లూ తీస్తారు, అమ్ముతారు, అమ్మాలి కూడా. కానీ సంత అడిగే పుడకల ముసలమ్మనే వాళ్లూ తీస్తే, చెయ్యి మారిందే తప్ప చూపు మారలేదనే అర్థం. 1996 పెసా చట్టం నాలుగో సెక్షన్‌లో సంప్రదాయాల్ని, సాంస్కృతిక అస్తిత్వాన్ని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉందని రాసి ఉంది. దాన్ని గనుల విషయంలో మనం చాలాసార్లు ఎత్తిచూపాం. ఫొటో విషయంలోనూ ఎత్తాలి. ఒప్పుకోలు కాగితం వాళ్ల భాషలో చదివి వినిపించాలి. అమ్మకంలో వాటా ఉండాలి. బొమ్మ కింద తెగ పేరు కాదు, ఆ మనిషి ఒప్పుకుంటే ఆ మనిషి పేరు ఉండాలి. ఒద్దంటే ఆ ఫొటో బయటికి పోకూడదు. ఈ నాలుగు మాటల్నీ గ్రామసభ తీర్మానంగా రాయించే పని పాడేరు, అరకు, అనంతగిరి మండలాల్లో పనిచేస్తున్న మిత్రులు ముందుగా తలకెత్తుకోవాలి.