అరచేతి యంత్రము కొరకు పుట్టిన జావా

అమీర్‌పేట కోచింగు సెంటర్లలో జావా నేర్చి ఉద్యోగములు సంపాదించిన మా తిరువూరు కుర్రవారిలో ఎందఱికి తెలియునో కాని, ఆ భాష మొదట అరచేతిలో నిముడు ఒక యంత్రము కొరకు పుట్టినదని చదివిననాడు నాకు కలిగిన సంతోషము ఇంతంత కాదు. 1991లో సన్ మైక్రోసిస్టమ్స్ వారి గ్రీన్ ప్రాజెక్టులో జేమ్స్ గాస్లింగ్ దానికి ఓక్ అని పేరిడి శ్రీకారము చుట్టగా, మరుసటియేట సిద్ధమైన 'స్టార్ సెవెన్' అను ఆ యంత్రమునకు తాకిన పలుకు తెరయు, తీగ లేకయే ఇతర యంత్రములతో సంధానమగు నేర్పును ఉండెను. ఆ కార్యాలయమున ఎక్కడ ఫోను మ్రోగినను ఉన్నచోటినుండియే ఎత్తుటకు నొక్కు మీటలే దానికి పేరైనవి. యంత్రము అంగడికెక్కలేదు. భాష మాత్రము 1995లో జావా యను పేర వెబ్బును చేరెను.

అది మరల అరచేతికి, ఫోను రూపమున, వచ్చిన జే-టూ-ఎంఈ (చిన్న యంత్రముల జావా) కాలము మీదనే నా మక్కువయంతయు. ఆ ఫోన్లలోని జావాకు 2000లో వెలువడిన ఎంఐడీపీ ప్రమాణము హెచ్‌టీటీపీ నొక్కదానినే తప్పనిసరి చేసినది గనుక, చాట్ అప్లికేషను, టపా వచ్చెనా యని పోస్టాఫీసు చుట్టు తిరుగువానివలె, సర్వరును మాటిమాటికి అడుగుచుండవలసివచ్చెడిది. అడిగినప్పుడెల్ల డబ్బును బ్యాటరీయు కరగెడివి. 2002 నాటి రెండవ ప్రమాణములో పుష్ రిజిస్ట్రీ వచ్చి, నిద్రించు అప్లికేషనును అవతలినుండి వచ్చిన సందేశమే తట్టి లేపసాగెను. ఏ సంధానమునకైనను 'కనెక్టర్ డాట్ ఓపెన్' అనియే వ్రాసి, చిరునామా ముందు 'హెచ్‌టీటీపీ' యన్న వెబ్బు, 'సాకెట్' అన్న ఎడతెగని సంధానము, 'ఎస్సెమ్మెస్' అన్న సందేశము! ఇంత పొందికయైన ద్వారమును నేను మఱి చూడలేదు. తొలి సిరీస్ 40 నోకియాలలో అప్లికేషనంతయు 64 కిలోబైట్లలో ఒదుగవలెను గనుక, వ్రాయువారు క్లాసుల పేర్లను సైతము ఒక్క అక్షరమునకు కుదించెడివారు.

డిజిటల్ సంతకములేని అప్లికేషను నెట్‌వర్కు జోలికి పోయినప్పుడెల్ల ఫోను అనుమతి వేడెడిది. ఆ సంతకమునకు ధ్రువపత్రము కొనవలెను. సెల్ షాపులో మెమరీకార్డునకు ఎక్కించుకొన్న అప్లికేషను జార్ ఫైలునకు ఆ భాగ్యమెక్కడిది? పెక్కు ఫోన్లలో తెలుగక్షరములు డబ్బాలుగా కనబడుటచే మా ఊరి మామిడికాయల ధరలను గూడ ఇంగ్లీషు లిపిలోనే పంపుకొనవలసివచ్చెడిది.

2008లో ఆండ్రాయిడ్ వచ్చెను; ఆ పాత ఫోన్లు క్రమముగా వెనుకబడెను. సిరీస్ 40 ఫోన్లకు వాట్సాప్ 2018 డిసెంబరు 31తో సెలవు చెప్పెను. కిలోబైట్లను లెక్కించు ఆ పొదుపరితనము పోవుట నాకు నష్టముగనే తోచును. ఇంటర్నెట్ కాల్స్ కొరకు ఆండ్రాయిడ్ 2.3లో చేర్చిన సిప్ ఇంటర్‌ఫేసును గూడ 2021లో పన్నెండవ వెర్షనుతో ఇక వాడవలదనిరి. ఆ పనికే 2011లో గూగుల్ బహిరంగపఱచిన వెబ్‌ఆర్టీసీలో మాటను బొమ్మను మోయు బరువంతయు సీ ప్లస్ ప్లస్‌ది. ఆండ్రాయిడ్‌లో జావా దానికి పైతొడుగు మాత్రమే.