పర్లాకిమిడి చిన్న రైలు

పర్లాకిమిడి, గుణుపూర్ ప్రాంతాల్లో తరతరాలుగా ఉంటున్న మన తెలుగు కుటుంబాల్లో పెద్దవాళ్లకు రైలంటే రెండున్నర అడుగుల పట్టాల మీద నడిచిన చిన్న రైలే. మద్రాసు–కలకత్తా లైన్లోని నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా దాన్ని వేయించింది గజపతి రాజు గౌరచంద్ర. ఖర్చు సుమారు 7 లక్షల రూపాయలు. 1900 ఏప్రిల్ 1న మొదలైంది. తొలి ఏళ్లలో నష్టాలే. గుణుపూర్ చేరేసరికి 1931 వచ్చింది. మొత్తం దాదాపు 90 కిలోమీటర్లు.

అప్పటికి ఈ దారంతా మద్రాసు ప్రెసిడెన్సీయే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడటంతో టెక్కలి, పాతపట్నం అటు, పర్లాకిమిడి, గుణుపూర్ ఇటు అయ్యాయి. పాతపట్నం, పర్లాకిమిడి పక్కపక్క ఊళ్లే, కానీ రాష్ట్రాలు వేరయ్యాయి. 1880 నుంచి పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు ఆ ఏడే రాజమండ్రి వెళ్లిపోయారు. మన పెద్దలు ఇక్కడే ఉండిపోయారు. పెళ్లికైనా, చావుకైనా అటువైపు చుట్టాల దగ్గరికి తీసుకెళ్లింది ఈ రైలే. సరిహద్దు కంటే పట్టాలే ముందొచ్చాయి మరి!

2004లో బ్రాడ్‌గేజ్ పనుల కోసం చిన్న రైలు ఆపేశారు. పెద్ద రైలు పర్లాకిమిడికి 2010లో, గుణుపూర్‌కు 2011లో వచ్చింది. స్టేషన్ బోర్డు మీద పర్లాఖెముండి అని ఉంటుంది. మన నోట మాత్రం ఇప్పటికీ పర్లాకిమిడే. విశాఖపట్నం వెళ్లాలంటే అప్పట్లో మూటాముల్లెతో నౌపడలో దిగి పెద్ద రైలెక్కాలి. ఇప్పుడు గుణుపూర్‌లో ఎక్కితే నేరుగా విశాఖలోనే దిగొచ్చు.