కలమల్ల పొగకు దక్షిణ ధ్రువంలో లెక్క

1950ల చివర. దక్షిణ ధ్రువం. శిబిరం పొగ తనవైపు రాకుండా ఒకాయన గాలికి ఎదురు నడుస్తున్నాడు. చేతిలో ఐదు లీటర్ల గాజు బుడ్డి. అందులో గాలి మొత్తం తీసేసి బిగించారు. తగినంత దూరం వెళ్లాక నిండుగా ఊపిరి పీల్చి బిగబట్టాడు. మనం వదిలే శ్వాసలో కార్బన్ డయాక్సైడ్ బయటి గాలిలోకన్నా వంద రెట్లకు పైగా ఉంటుంది. కాస్త తగిలినా నమూనా పాడైనట్టే. బిరడా తిప్పాడు. సుయ్‌మంటూ గాలి లోపలికి దూరింది. మళ్లీ బిగించాకే ఊపిరి వదిలాడు.

ఆ బుడ్డీలు కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థకు చేరేవి. అక్కడ వాటి కోసం శాస్త్రవేత్త చార్లెస్ డేవిడ్ కీలింగ్ కాచుకుని ఉండేవాడు. ముప్పై ఏళ్ల కుర్రాడు. 1958 మార్చిలో హవాయిలోని మౌనాలోవా కొండ మీద కూడా కొలతలు మొదలుపెట్టించాడు. మొదటి రీడింగు 313. అంటే పది లక్షల పాళ్ల గాలిలో 313 పాళ్లు కార్బన్ డయాక్సైడ్. ఉత్తరార్ధగోళంలో చెట్లు చిగురిస్తే అక్కడి అంకె దిగేది, ఆకు రాలిస్తే ఎక్కేది. ధ్రువంలో చెట్టూ లేదు, చేమా లేదు. ఊగిసలాట స్వల్పం, అందుకే పెరుగుదల దాగలేదు. ప్రపంచం కాల్చే బొగ్గు, చమురు లెక్కకు అది దాదాపు సరిపోతోందని 1960లోనే రాశాడు. సగానికి సగం సముద్రాలూ అడవులూ పీల్చుకుంటున్నాయని తర్వాతి ఏళ్ల కొలతల్లో తేలింది. మిగిలిన సగం గాలిలోనే ఉండిపోతోంది.

అది బొగ్గు కార్బనేనని ఎలా తెలుసు? కార్బన్-14 చెబుతుంది. 5,730 ఏళ్లకు సగమైపోయే ఈ పరమాణువు కోట్ల ఏళ్ల నాటి బొగ్గులో మచ్చుకైనా మిగలదు. బొగ్గు పొగ కలిసేకొద్దీ గాలిలో దాని పాలు పలచబడుతుంది. ఈ పలచన చెట్ల వలయాల్లో ఉందని 1955లో శాస్త్రవేత్త హాన్స్ స్యూస్ చూపించాడు.

ఇక మన కడప జిల్లాకు వద్దాం. ఎర్రగుంట్ల మండలం కలమల్ల, తొలి తెలుగు శాసనం దొరికిన ఊరు. రాయలసీమ థర్మల్ పవర్ ప్లాంట్ (ఆర్టీపీపీ) అక్కడే ఉంది. 1994లో మొదటి యూనిట్, ఇప్పుడు మొత్తం 1,650 మెగావాట్లు. సింగరేణి బొగ్గు రైలు వ్యాగన్లలో వచ్చి ఆ బాయిలర్లలో పడుతుంది. ఆ బొగ్గుకూ దక్షిణ ధ్రువానికీ పాత చుట్టరికమే ఉంది. 1912లో ధ్రువం నుంచి తిరిగొస్తూ ప్రాణాలు వదిలిన బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం, చివరి దాకా బండి మీంచి దించని 16 కిలోల రాళ్లలో గ్లోసోప్టెరిస్ అనే చెట్టు ఆకుల ముద్రలున్నాయి. సింగరేణి బొగ్గుకు మూలమైన అడవుల్లో పెరిగిందీ ఆ చెట్టే. అప్పట్లో ఇండియా, అంటార్కిటికా ఒకే నేల, గోండ్వానా. రెండు నేలలూ విడిపోయినా, కలమల్ల పొగగొట్టంలోంచి లేచిన వాయువు ఏడాది, ఏడాదిన్నరలో భూమధ్యరేఖ దాటి ధ్రువం గాలిలో కలుస్తుంది.

2016 మే 23న ధ్రువంలో అంకె 400 తాకింది. అంటార్కిటికా మంచులో చిక్కుకున్న ఎనిమిది లక్షల ఏళ్ల పాత గాలిలో అది 300 కూడా దాటలేదు. వానచుక్క కోసం ఆకాశం వైపు చూసే సీమవాళ్లం, ఈ లెక్క ఎవరిదోలే అనుకోవడం నాకు మింగుడుపడదు.

బొగ్గుకు బదులుగా, కర్నూలు వైపు గని, శకునాల గ్రామాల మెట్టల్లో 2017 నుంచి వెయ్యి మెగావాట్ల సౌర పార్కు నడుస్తోంది. ఎండ ఉన్నంతసేపే దాని కరెంటు. పొద్దుగూకితే ఎక్కువగా బొగ్గే దిక్కు. ఆ లోటు తీర్చడానికే పిన్నాపురంలో పగలు నీటిని పైచెరువుకు ఎక్కించి, రాత్రి దించి కరెంటు తీసే ప్రాజెక్టు కట్టారు. రాత్రి లోడు ఎంత అటు మారితే అంత బొగ్గు సింగరేణి గనుల్లోనే ఉండిపోతుంది.